వాల్‌నట్ కాయలు చెట్టు మీదే నల్లబడిపోతున్నాయా? హస్క్ ఫ్లై సంగతి మొదటి నుంచి చివరిదాకా

శాక్రమెంటో దగ్గర మేం ఇల్లు కొన్నప్పుడు పెరట్లో ఒక పాత వాల్‌నట్ చెట్టు ఉంది, రెండంతస్తుల ఇంటికంటే ఎత్తు, చూడగానే మా ఆవిడ ఇంక జన్మలో అక్రోట్లు కొనక్కర్లేదని లెక్కలేసేసుకుంది. జులై దాకా బానే ఉంది, గజనిమ్మకాయంత పచ్చటి కాయలు గుత్తులు గుత్తులుగా. ఆగస్టు రెండో వారానికి ఒక్కో కాయ మీద చిన్న నల్ల మచ్చ, ఇంకో పది రోజులకి సగం కాయ నలుపు, నెలాఖరుకి తారు పూసినట్టు మెత్తగా జిగటగా అయిపోయి కొమ్మకే అంటుకుని వేలాడుతున్నాయి. దగ్గర్లో ఒక నర్సరీకి ఫోటోలు పట్టుకెళ్తే ఇది తెగులు అని చెప్పి రాగి మందు అంటగట్టారు, నేను బుద్ధిమంతుడిలా కొట్టాను, డబ్బులు పోయాయి ఏడాది పోయింది, మరుసటి ఆగస్టుకి మళ్లీ అదే నలుపు.

ఆ ఏడు మా నాన్న వచ్చి ఉన్నారు. నూజివీడు దగ్గర మాకు మామిడి తోట, ఆయనకి పండు ఈగతో నలభై ఏళ్ల వైరం. నల్ల కాయ ఒకటి కోసి, గోరుతో తొక్క చీల్చి, "ఒరేయ్ ఇది తెగులు కాదురా, పురుగు, ఇటు చూడు" అన్నారు. చూస్తే లోపల తెల్లటి పురుగులు కుతకుత ఉడికే అన్నంలా కదుల్తున్నాయి. నాకైతే ఆ పూట భోజనం సయించలేదు.

ఇక్కడ దీన్ని వాల్‌నట్ హస్క్ ఫ్లై అంటారు, శాస్త్రం పేరు రాగోలెటిస్ కంప్లీటా. మామిడి ఈగకి దూరపు చుట్టమే, కుటుంబం ఒకటే గానీ అలవాట్లు వేరు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను దీని వెనకే పడ్డాను, తప్పులు చేశాను, ఇప్పుడు కాయలు చాలావరకు శుభ్రంగా చేతికొస్తున్నాయి. కాలిఫోర్నియాలో, పైన ఓరెగాన్ వాషింగ్టన్ వైపు వాల్‌నట్ చెట్టున్న మనవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నా. ముందే ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాది చదవకపోయినా ఇది గుర్తుంచుకోండి: కాయ నల్లబడ్డాక ఏం కొట్టినా దండగే. ఈగ భూమిలోంచి బయటికొచ్చాక గుడ్లు పెట్టడానికి సుమారు పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యలోనే.

ముందు ఈగ బతుకు అర్థం చేసుకోండి

ఇది బోరు కొట్టే భాగం కాదు, మిగతా స్టెప్పులన్నీ దీంట్లోంచే వస్తాయి.

వాల్‌నట్ కాయని కొబ్బరికాయతో పోల్చుకోండి. కొబ్బరికి పైన పీచు, దాని కింద చిప్ప, లోపల కొబ్బరి. వాల్‌నట్‌కి పైన కండ ఉన్న పచ్చ తొక్క, దాని కింద గట్టి పెంకు, లోపల పప్పు. ఈ ఈగకి కావాల్సింది ఆ పచ్చ తొక్క ఒక్కటే. దాని పురుగు పెంకు కొరకదు, పప్పు తినదు. మరి పప్పెందుకు పాడవుతుందంటే, తొక్క కుళ్లితే ఆ నల్ల రసం పెంకుకి పట్టేస్తుంది, తొందరగా పట్టిన కాయల్లో, అంటే జులై చివర ఆగస్టు మొదట్లో గుడ్లు పడ్డ వాటిల్లో పప్పు ఇంకా నిండలేదు కాబట్టి ముడుచుకుపోతుంది, రంగు మారుతుంది, బూజు కూడా పట్టొచ్చు. ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబర్లోనో పట్టినవాటికి పెంకు మరకే తప్ప పప్పుకి పెద్దగా ఏం కాదు. అందుకే తొందరగా వచ్చే ఈగలే అసలు శత్రువులు.

ఏడాదికి ఒక్క తరమే. చలికాలమంతా చెట్టు కింద మట్టిలో కొన్ని అంగుళాల లోతున గోధుమ గింజలాంటి గూడులో ప్యూపాగా (పురుగు ఈగగా మారే ముందు దశ) పడుంటుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మొదటి దాకా ఒక్కోటీ రెక్కలొచ్చి బయటికొస్తుంటాయి, ఎక్కువ రద్దీ జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, సముద్రం దగ్గరున్న ఊళ్లల్లో ఇంకాస్త ముందే మొదలవుతుంది. ఆడ ఈగ తొక్కకి కన్నం పెట్టి ఒక్కోచోట సుమారు 15 గుడ్లు దూర్చేస్తుంది. ఒక్కోసారి ఉన్న కన్నంలోనే ఇంకో ఈగ వచ్చి పెట్టేసి పోతుంది, సొంతంగా తవ్వే పని లేకుండా, మన దగ్గర పార్కింగ్‌లో చేసినట్టు. అయిదారు రోజుల్లో గుడ్లు పగుల్తాయి, పురుగులు మూడు నుంచి అయిదు వారాలు తొక్క తిని, నేల మీదికి రాలి, మట్టిలోకి దూరి మళ్లీ ప్యూపా. అంతే కథ.

పుట్టిల్లు అమెరికా మధ్య దక్షిణ భాగం, టెక్సాస్ ఓక్లహోమా వైపు, పక్కన మెక్సికో, అక్కడి అడవి నల్ల వాల్‌నట్ల మీద (నల్ల వాల్‌నట్ అంటే వేరే జాతి చెట్టు, నల్లబడ్డ కాయ కాదు). కాలిఫోర్నియాలో మొదట 1926లో దక్షిణాన శాన్ బెర్నార్డినో కౌంటీలో కనబడింది. 1934లో రివర్‌సైడ్ పరిశోధన కేంద్రంలో పనిచేసే బాయిస్ అనే ఆయన ఈ ఒక్క ఈగ బతుకు గురించే 200 పేజీలకి పైగా రాశాడు, ఈగకి కూడా అంత జీవిత చరిత్రా అనుకున్నాను గానీ తర్వాతవాళ్లు చేసే పని చాలావరకు ఆయన వేసిన పునాది మీదే. 1980ల చివర్లో స్విట్జర్లాండ్‌లో, 1991లో ఇటలీలో కనబడి అక్కణ్ణించి ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా అన్నిచోట్లకీ పాకింది. కాబట్టి జర్మనీలో ఉన్న మనవాళ్లూ, మీ పెరటి చెట్టుకి కూడా ఇదే కథ, కాకపోతే అక్కడ ఏ మందు వాడొచ్చో రూల్స్ వేరు, కనుక్కుని కొట్టండి.

స్టెప్ 1: అసలు ఇది ఈగేనా, ఇంకేదైనానా

నేను ఏడాది పోగొట్టుకున్నది ఇక్కడే. కాయ నల్లబడటానికి ముఖ్యమైన కారణాలు నాలుగు, నాలుగింటికీ వైద్యం వేరు.

హస్క్ ఫ్లై అయితే మచ్చ మెత్తగా ఉంటుంది, పై చర్మం పగలకుండా నున్నగానే ఉండి లోపల బురదలా అయిపోతుంది, వేలితో నొక్కితే బాగా పండిన సపోటాలా దిగబడుతుంది. మొదట్లో చూస్తే సూదితో పొడిచినంత చిన్న నల్ల చుక్క, చాలాసార్లు తొడిమ వైపు. చీలిస్తే పురుగులు, చిన్నప్పుడు తెలుపు, ముదిరితే పసుపు, కాళ్లుండవు, తల దగ్గర నల్లటి చుక్కలాంటి నోరు.

బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులైతే వసంతకాలంలో వానలప్పుడే మొదలవుతుంది, ఎక్కువగా కాయ కింది కొసన, పువ్వు ఎండిపోయిన చోట, మచ్చ లోపలికి గుంటపడి గట్టిగా ఉంటుంది, పురుగుండదు. రాగి మందు దీనికి, అది కూడా మొగ్గలు విచ్చేటప్పుడు కొట్టాలి, ఆగస్టులో నాలాగా కాదు. ఎండ దెబ్బైతే ఒక్క పక్కనే, నైరుతి ఎండ తగిలే వైపు, పొడిగా గోధుమ రంగులోకి మారి పెళుసుగా అవుతుంది. నాలుగోది కాడ్లింగ్ మాత్, ఇది సీతాకోకచిలుక జాతి పురుగు, కాయకి కన్నం ఉండి దాని చుట్టూ రంపపు పొట్టులాంటి రెట్ట ఉంటుంది, పురుగుకి కాళ్లూ గోధుమ రంగు తలా స్పష్టంగా కనిపిస్తాయి, ఇది పప్పు దాకా వెళ్లిపోతుంది.

అనుమానంగా ఉంటే ఒక పది నల్ల కాయలు వేర్వేరు కొమ్మల నుంచి కోసి చీల్చి చూడండి. చేతులకి గ్లవ్స్ మాత్రం మర్చిపోవద్దు. వాల్‌నట్ తొక్కలో జగ్లోన్ అని ఒకటుంటుంది, మన గోరింటాకు ఎరుపుకి కారణమైన లాసోన్‌కి ఇది తోడబుట్టింది లాంటిది, రెండింటిలోనూ అవే పరమాణువులు అంతే లెక్కలో ఉంటాయి, ఒక ముక్క అతుక్కున్న చోటు మాత్రమే తేడా. గోరింటాకు పండితే అందం, ఇది పండితే బైక్ మెకానిక్ చేతులు, వారం పైన పోదు. మా నాన్న గ్లవ్స్ లేకుండా చీల్చారు కదా, రెండు వారాలు గుడికి వెళ్లినప్పుడల్లా చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

స్టెప్ 2: మీ చెట్టు ఏంటో, చుట్టూ ఏముందో చూడండి

ఇది పది నిమిషాల పని. హార్ట్‌లీ, ఫ్రాంకెట్, యురేకా రకాలంటే ఈ ఈగకి చాలా ఇష్టం. చాండ్లర్ అనే రకం, 1979లో డేవిస్ యూనివర్సిటీ వదిలింది, ఇప్పుడు తోటల్లో ఎక్కడ చూసినా అదే, దానికి ఈ బాధ తక్కువంటారు గానీ అస్సలు రాదని కాదు. పాత ఇళ్లల్లో ఏ రకమో చెప్పేవాళ్లుండరు, పర్లేదు.

మొదలు దగ్గర చూస్తే చాలా చెట్లకి కింద నల్లగా గరుగ్గా, పైన తెల్లగా నున్నగా బెరడు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది, అది అంటు కట్టిన చోటు. కింద నుంచి పిలకలు వస్తుంటే కోసేయండి, అవి పెరిగి నల్ల వాల్‌నట్ కాయలు కాస్తే ఈగకి మీరే అన్నదానం పెట్టినట్టు. డేవిస్ చుట్టుపక్కల పాత రోడ్ల వెంట నల్ల వాల్‌నట్ చెట్లు వరసగా ఉంటాయి, అలాంటివి మీ ఇంటి దగ్గరుంటే ఎంత చేసినా ఎంతో కొంత ఈగ వస్తూనే ఉంటుంది, అది ముందే మనసులో పెట్టుకోండి. పక్కింట్లో ఆలస్యంగా పండే పీచ్ చెట్టుంటే దాంట్లో కూడా ఎప్పుడైనా పడుతుంది.

స్టెప్ 3: జూన్ మూడో వారానికల్లా పసుపు అట్ట కట్టేయండి

మన ఊళ్లో మిర్చికీ కూరగాయలకీ కట్టే పసుపు రంగు జిగురు అట్టలు తెలుసు కదా, అదే. కాకపోతే దీనికి పక్కన అమ్మోనియం కార్బొనేట్ ఎర ఉండాలి. ఎరని విడిగా చిన్న డబ్బాలో అమ్ముతారు, తెల్లటి పలుకులు, మూత తీస్తే పొద్దున్నే గేదెల కొట్టంలోకి వెళ్తే వచ్చే ఘాటు. ఎర లేని ఉత్త అట్టకి కూడా కొన్ని పడతాయి గానీ నమ్మకం లేదు, మొదటి ఏడు నేను పిసినారితనానికి ఎర కొనలేదు, అట్ట మీద నాలుగు దోమలు, చెట్టు నిండా పురుగులు.

ఇంటి నుంచి ఎవరైనా మామిడికి పెట్టే మిథైల్ యూజినాల్ ఎర సూట్‌కేసులో తెద్దామనుకుంటే వద్దు, అది మామిడి ఈగల్లో మగవాటికి మాత్రమే, ఈ ఈగ దాని మొహం కూడా చూడదు. ఎర బుట్ట అనగానే అన్ని ఈగలకీ ఒకటే అనుకోవడం మా నాన్నతో సహా అందరూ చేసే పొరపాటు.

ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. ఈ ఈగకి ఎండ పడదు, నీడా తేమా ఉన్న గుబురు కొమ్మల్లోనే తిరుగుతుంది. అందుకని చెట్టుకి ఉత్తరం వైపు, ఆకులు దట్టంగా ఉన్న చోట, చుట్టూ కాయలు ఉండేలా, చేతనైనంత ఎత్తులో కట్టండి. కింద చేతికందే కొమ్మకి కట్టుకుంటే చూడ్డానికి సుఖమే గానీ ఈగ పైన ఉంటుంది. నేను నిచ్చెన ఎక్కే సాహసం చెయ్యలేదు, సుతిలి తాడుకి చిన్న రాయి కట్టి కొమ్మ మీదుగా విసిరి, జెండా ఎగరేసినట్టు అట్టని పైకి లాగుతాను, చూడాల్సినప్పుడు కిందికి దించుతాను. మామిడికాయలు కోసే చిక్కం కర్ర ఉంటే దాని కొసకి వంచిన కమ్మీతో కూడా తగిలించొచ్చు. అట్టకి ఆకులు అంటుకోకుండా చుట్టూ కొంచెం జాగా చెయ్యండి. ఒక చెట్టుకి రెండు అట్టలు చాలు. దుమ్ము పట్టి జిగురు పోతే మార్చేయండి, ఎర ఎన్నాళ్లకి మార్చాలో ప్యాకెట్ మీద ఉంటుంది.

ఒక మాట, అట్టలతో ఈగలన్నిటినీ పట్టేయొచ్చనుకోకండి. అట్ట మీకు టైం చెప్పే గడియారం, అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

స్టెప్ 4: వారానికి రెండు మూడు సార్లు చూడండి, ఆడ ఈగని నొక్కండి

ఇక్కడ అందరూ విసుగుపడి వదిలేస్తారు, నిజానికి మొత్తం పనిలో ఇదే అసలు పని.

అట్ట మీద రకరకాల ఈగలు పడతాయి. మనది ఇంట్లో తిరిగే ఈగంత ఉంటుంది, లేత గోధుమ పసుపు ఒళ్లు, కళ్లు ఆకుపచ్చ నీలం కలిసి నెమలి పింఛంలా మెరుస్తాయి. వీపు మీద రెక్కలు మొదలయ్యే చోటికి కాస్త కిందుగా పసుపు చుక్క. రెక్కకి మూడు నల్ల పట్టీలు, చివరి పట్టీ రెక్క కొస దాకా వెళ్లి అంచు వెంట వెనక్కి తిరిగి గద్ద ముక్కులా వంపు వేస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే ఆ వంపు స్పష్టంగా తెలుస్తుంది, చెర్రీ చెట్ల మీది ఈగలు కూడా ఇలానే చారలతో ఉంటాయి గానీ గీతల తీరు వేరు.

మొదటి ఈగ పడగానే కంగారుపడి మందు కొట్టక్కర్లేదు, తారీఖు రాసుకోండి. ఆ రోజు నుంచి ఆడవాటిని చూడటం మొదలుపెట్టండి. ఆడదానికి పొట్ట కొస సన్నగా ముల్లులా ఉంటుంది, మగదానికి గుండ్రం. అగ్గిపుల్ల కొసతోనో టూత్‌పిక్‌తోనో ఆడ ఈగ పొట్టని మెల్లిగా నొక్కితే, గుడ్లు తయారై ఉంటే బయటికొస్తాయి, సన్నటి నూకల్లా, పాలరంగులో, కొంచెం వంపు తిరిగి. ఉత్త నీళ్లలాంటిది వస్తే ఇంకా తయారవ్వలేదు. మొదటిసారి నాకు వాంతొచ్చినంత పనైంది, ఇప్పుడు కాఫీ కప్పు పక్కన పెట్టుకుని చేస్తున్నా. మా అమ్మాయి స్కూల్ సైన్స్ ప్రాజెక్టుకి కూడా ఇదే పెట్టింది.

నిర్ణయం ఎలాగంటే, మీరు కొట్టేది తీపి ఎర కలిపిన మందు అయితే అట్ట మీద ఈగలు పెరగడం మొదలవ్వగానే మొదటిసారి కొట్టేయండి, ఎందుకంటే అది తిని చావాలి, తినడానికి టైం పడుతుంది. ఎర లేకుండా ఉత్త మందు అయితే గుడ్లున్న ఆడ ఈగ కనబడ్డాక వారంలోపు కొట్టాలి. ఆ వారం దాటితే మీరు వెనకబడ్డట్టే, గుడ్లు తొక్కలోకి వెళ్లిపోయాక పైన కొట్టిన మందు వాటికి తగలదు.

స్టెప్ 5: బెల్లం నీళ్ల సూత్రం

మా ఊళ్లో కాకర, బీర పాదులకి పండు ఈగ పట్టినప్పుడు బెల్లం నీళ్లలో మందు కలిపి అక్కడక్కడా చల్లేవాళ్లు, ఈగ తీపికొచ్చి తిని చచ్చేది. ఇక్కడా అచ్చంగా అదే సూత్రం, బెల్లం బదులు మొలాసిస్ అంతే. కొత్తగా బయటికొచ్చిన ఈగకి గుడ్లు తయారవ్వాలంటే ముందు తిండి కావాలి, ఆకుల మీద తీపి వెతుక్కుంటూ తిరుగుతుంది, మనం దాని ఆకలిని వాడుకుంటున్నాం.

మందు పేరు స్పైనోసాడ్, మట్టిలో దొరికే ఒక బ్యాక్టీరియా నుంచి తీసింది, సేంద్రియ సాగులో కూడా ఒప్పుకునే రకాలున్నాయి. ఎర ముందే కలిపి వచ్చేది జీఎఫ్-120 అనే సరుకు, దాంట్లో స్పైనోసాడ్ 0.02 శాతమే, మిగతాదంతా పంచదారా ప్రొటీనూ ఉన్న తిండి. పెరటి తోటలకి అమ్మే మామూలు స్పైనోసాడ్ తెచ్చుకుని మొలాసిస్ కలుపుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఏది కొన్నా లేబుల్ మీద వాల్‌నట్ పేరు ఉందో లేదో, గాలన్ నీళ్లకి ఎంతో, ఏడాదికి ఎన్నిసార్లో, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో చదివి అదే చెయ్యండి, ఇక్కడ నా కొలత మీ కొలత అని ఉండదు, లేబులే చట్టం. కొంచెం ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనే మన పాత అలవాటు మానుకోండి.

కొట్టే పద్ధతి మామూలు స్ప్రేకి పూర్తిగా రివర్స్. చెట్టంతా తడపక్కర్లేదు, పొగలాగ సన్నటి తుంపర కూడా వద్దు. నాజిల్ లూజు చేసుకుని పెద్ద పెద్ద చుక్కలు పడేలా, గుబురు లోపల నీడలో ఉన్న ఆకుల అడుగు వైపు తగిలేలా, అక్కడో దోసెడు ఇక్కడో దోసెడు అన్నట్టు చల్లండి. పెద్ద చుక్క తొందరగా ఆరిపోదు, ఈగ నాకడానికి ఉంటుంది. అందుకే 50 అడుగుల చెట్టు చిటారు కొమ్మ దాకా అందకపోయినా కొంత పని జరుగుతుంది, ఈగే వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి. అయినా అందేంత ఎత్తు ఎక్కువైతే ఫలితం ఎక్కువే, చెట్టు మరీ పెద్దదైతే లైసెన్స్ ఉన్న మనిషిని పిలిపించడమే మంచిది, నిచ్చెన మీద మందు డబ్బాతో విన్యాసాలు వద్దు.

సాయంత్రం పూట కొట్టండి, తేనెటీగలు ఇంటికెళ్లాక. స్పైనోసాడ్ తడిగా ఉన్నంతసేపు వాటికి ప్రమాదం, ఆరాక చాలావరకు తగ్గుతుంది. వారం నుంచి రెండు వారాలకోసారి మళ్లీ కొట్టాలి, అట్ట మీద ఈగలు పడుతున్నంతకాలం, లేబుల్ ఒప్పుకున్నన్నిసార్లే. స్ప్రింక్లర్ నీళ్లు ఆకుల మీద పడుతుంటే ఎర కొట్టుకుపోతుంది, రెండో ఏడు నాకు అదే జరిగింది, సాయంత్రం మందు కొట్టి పడుకున్నా, తెల్లారుజామున అయిదింటికి లాన్ స్ప్రింక్లర్ ఆటోమేటిగ్గా లేచి మొత్తం కడిగేసింది.

మందే వద్దనుకునేవాళ్లకి కేయోలిన్ అనే తెల్ల మట్టి పొడి ఉంది, నీళ్లలో కలిపి కొడితే కాయలు సున్నం వేసినట్టు అవుతాయి, ఈగకి గుడ్లు పెట్టబుద్ధి కాదు. చిన్న చెట్టుకి బానే ఉంటుంది, కాయలన్నిటికీ పూత పట్టాలి కాబట్టి పెద్ద చెట్టుకి అయ్యే పని కాదు.

స్టెప్ 6: నేల మీద పని

మందు కొట్టినా కొట్టకపోయినా ఇది చెయ్యండి. జూన్ చివర్లో చెట్టు కింద కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో అంత మేర మందపాటి టార్పాలిన్ పరిచి అంచులకి రాళ్లు పెట్టేయండి. కింద ఉన్న ప్యూపాల్లోంచి ఈగలు పైకి రాలేవు, పైనుంచి పడ్డ పురుగులు మట్టిలోకి దూరలేవు, ఒక్క పట్టాతో రెండు తలుపులూ మూసినట్టు. నీళ్లకి ఇబ్బంది లేకుండా డ్రిప్ పైపు పట్టా కిందనుంచి వేసుకోండి. ఎన్నిసార్లు పట్టా మడతల్లో చేరిన పురుగుల్ని చూసి మా మేనకోడళ్లు కేకలు పెట్టారో లెక్కలేదు.

నల్లబడ్డ కాయలు రాలిన ఏ రోజుకారోజు ఏరండి, చెట్టు మీద అందేవి కోసేయండి, పురుగు బయటపడకముందే. ఏరినవి మందపాటి కవర్లో వేసి మూతి బిగించి చెత్తలో వెయ్యండి. గొయ్యి తీసి పాతిపెట్టడమంటే పురుగుకి కావాల్సిన మట్టిలోకి మీరే చేర్చినట్టు, పెరట్లో ఎరువు కుప్పలో వేసినా అంతే. కుక్కలున్నవాళ్లు ఇంకో జాగ్రత్త, రాలి బూజు పట్టిన వాల్‌నట్లు తింటే కుక్కలకి వణుకూ ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

స్టెప్ 7: కోత టైంలో దొరికిన నల్ల కాయలు పారేయొద్దు, ముందు కొట్టి చూడండి

మా ఆవిడ మొదటి ఏడు మూడు బకెట్లు చెత్తలో పోసేసింది, తర్వాత తెలిసి ఇప్పటికీ బాధపడుతుంది. సెప్టెంబర్ అక్టోబర్లలో మంచి కాయ తొక్క తనంతట తనే పగిలి ఊడిపోతుంది. పురుగు పట్టిన తొక్క పగలదు, పెంకుకి తారులా అతుక్కుంటుంది. ఒక పది పగలగొట్టి చూడండి, పప్పు లేత రంగులో నిండుగా ఉంటే ఆ కాయలన్నీ పనికొస్తాయి, ముడుచుకుని, నల్లగా, బూజు వాసన వస్తే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి.

తొక్క తీయడానికి నా పద్ధతి ఇది: పెద్ద టబ్‌లో నీళ్లు పోసి కొన్ని గంటలు నానబెట్టి, గమ్ బూట్లు వేసుకుని చింతపండు పిసికినట్టు కాళ్లతో తొక్కి, గడ్డి మీద ఒక ఇనప జల్లెడలో పోసి హోస్ పైపుతో గట్టిగా కొట్టడం. ప్రెషర్ వాషర్ ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. సిమెంటు మీద చెయ్యొద్దు, మరక పోదు, మా డ్రైవ్‌వేలో ఒక మూల ఇంకా గోధుమ రంగులోనే ఉంది. మురికి నీళ్లు టమాటా మొక్కల వైపు కూడా పోనివ్వద్దు, జగ్లోన్ వాటికి పడదు.

కడిగిన వెంటనే ఆరబెట్టాలి, ఆలస్యమైతే బూజు. నీడలో గాలాడే చోట ఒక్క వరసగా, రోజుకోసారి కలియబెడుతూ. ఫ్యాన్ పెట్టుకోవచ్చు, హీటర్ అయితే 43 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వద్దు, పప్పులో నూనె చెడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే ఒకటి పగలగొట్టి రెండు పప్పుల మధ్య ఉండే పల్చటి పొరని విరవండి, అప్పడంలా టక్కున విరిగితే ఆరినట్టు, రబ్బరులా వంగితే ఇంకో రెండ్రోజులు. పెంకు మరకలున్నవి వేరు చేసి ముందు వాడేసుకోండి, మిగతావి ఫ్రీజర్‌లో పెడితే ఏడాది పైన ఉంటాయి.

ఇంకో ఏడాది కూడా అట్ట కట్టాల్సిందే

ఒక ఏడాది కాయలు శుభ్రంగా వచ్చేసరికి నేను గెలిచేశాననుకుని మరుసటి జూన్‌లో అట్ట కట్టలేదు. ఆగస్టుకి మళ్లీ నల్ల చుక్కలు. కారణం ఏంటంటే మట్టిలో ఉన్న ప్యూపాలన్నీ మరుసటి వేసవికే బయటికి రావు, కొన్ని రెండేళ్లు, ఇంకొన్ని అంతకంటే ఎక్కువ కూడా అలా నిద్రపోతాయి, పైగా పక్కవీధి చెట్టు నుంచి వచ్చేవి ఎటూ ఉంటాయి. అందుకని ఫోన్‌లో జూన్ 15కి ప్రతి ఏడాదీ మోగేలా రిమైండర్ పెట్టేశాను, దాని పేరు "సుతిలి తాడు, రాయి, పసుపు అట్ట". అది మోగిన రోజు సాయంత్రం మా నాన్నకి వీడియో కాల్ చేసి అట్ట చూపించాలి, లేకపోతే ఆయనే చేస్తారు, "ఏరా, మొదటి ఈగ పడిందా?" అని.